ఒక పాత నగరం, పక్కనే ఒక లోయ: విదేశీ ట్రిప్‌కి ఊళ్లు ఎంచుకున్న తీరు (నా అనుభవం)

విదేశీ ట్రిప్‌కి ఊళ్లు ఎంచుకునేటప్పుడు నేను చారిత్రక నగరాలు ఒక జాబితా, ప్రకృతి అందాలు ఇంకో జాబితా అని విడివిడిగా రాయను. జంటలుగా రాస్తాను. ఒక పాత నగరం, దానికి మూడు గంటల ప్రయాణంలోపు ఒక లోయో, సరస్సో, కొండలో. ఈ రెండింటి స్వభావం పూర్తిగా వేరు. నగరాన్ని గడియారం నడిపిస్తుంది. ఏ మ్యూజియానికి ఏ రోజు సెలవు, కోటలోకి ఏ అరగంటకు టికెట్ దొరికింది, ఇదే లెక్క. కొండని ఆకాశం నడిపిస్తుంది. మబ్బు దిగిందంటే ఎంత పెట్టి కొన్న కేబుల్ కార్ టికెట్ అయినా తెల్లటి తెర తప్ప ఏమీ చూపించదు. అందుకే నగరం టికెట్లు ముందు కొనాలి. కొండ దగ్గర రాత్రులు ఎక్కువ పెట్టుకుని, టికెట్ ఆ రోజు పొద్దున కొనాలి. ఈ తేడా బుర్రలో ఉంటే ఊళ్ల ఎంపిక సగం తేలిపోయినట్టే. ఈసారి పది రాత్రుల ట్రిప్, మే రెండో వారం నుంచి. ఎనిమిది జంటలతో మొదలుపెట్టి ఒక్కదానికి ఎలా వచ్చామో రాస్తున్నాను.

కాగితం మీదికి ఎక్కిన జంటలు ఇవి. ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్, దాని పక్కనున్న సాల్జ్‌కామర్‌గుట్ సరస్సులు. ఇటలీలో ఫ్లోరెన్స్, దానికి దక్షిణాన వాల్ దోర్చా కొండలు. క్రొయేషియాలో డుబ్రోవ్‌నిక్, ప్లిట్‌విట్సే సరస్సులు. నార్వేలో బెర్గెన్, సముద్రం కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన ఫ్యోర్డులు. జపాన్‌లో క్యోటో, కిసో లోయ. వియత్నాంలో హోయ్ ఆన్, హాలాంగ్ బే. పెరూలో కుస్కో, సేక్రెడ్ వ్యాలీ. పోర్చుగల్‌లో లిస్బన్, పోర్టో, వాటితో డౌరో లోయ.

యునెస్కో గుర్తింపు ఉన్నవాటినే తీసుకుందామంటే పని జరగదు. ఫ్లోరెన్స్‌కి 1982లో, పోర్టోకి, సాల్జ్‌బర్గ్‌కి 1996లో, హోయ్ ఆన్‌కి 1999లో ఆ గుర్తింపు వచ్చింది. అందరికీ ఉన్న పతకంతో ఎవర్నీ వడపోయలేం. కానీ ఆ గుర్తింపు దేనికి ఇచ్చారో చదివితే మాత్రం చాలా పనికొస్తుంది. సాల్జ్‌బర్గ్‌లో ఇచ్చింది పాత ఊరికి. అదంతా ఒకేచోట ఉంది, నడిచి చూడొచ్చు, రెండు రాత్రులు చాలు. క్యోటోలో 1994లో ఇచ్చింది 17 చోట్లకి. గుళ్లు, ఒక కోట, అన్నీ చెదురుమదురుగా, కొన్ని పక్కనున్న ఉజి, ఒత్సు పట్టణాల్లో ఉన్నాయి. క్యోటోని రెండు రోజుల్లో చుట్టేద్దామనుకుంటే సగం సమయం బస్సుల్లోనే పోతుంది. అక్కడ నాలుగు రాత్రులు ఉండాల్సిందే. "చారిత్రక నగరం" అనే ఒక్క మాట కింద ఇంత తేడా ఉంది కాబట్టి, ఒక్కో ఊరి పక్కన అదెన్ని రాత్రుల ఊరో ముందే రాసుకోవాలి.

మొదటి వడపోత మ్యాప్‌తో. దేశం ఒకటే కాబట్టి రెండూ దగ్గరే అనుకోవడం అందరూ చేసే పొరపాటు. హోయ్ ఆన్ దేశం నడిమధ్యలో ఉంది, హాలాంగ్ ఉత్తరాన. దానాంగ్‌కి కారు, అక్కడి నుంచి హనోయ్‌కి విమానం, మళ్లీ రెండున్నర గంటల రోడ్డు. రోజంతా పోతుంది. పైగా వాతావరణం కూడా ఒకటి కాదు. అక్టోబరు, నవంబరుల్లో హనోయ్ హాయిగా ఉంటే, అదే సమయంలో హోయ్ ఆన్ పాత వీధుల్లోకి వరద నీళ్లు వస్తాయి. ఈ రెండూ ఒక జంట కాదు, రెండు వేర్వేరు ట్రిప్పులు. కొట్టేశాం.

డుబ్రోవ్‌నిక్‌దీ అదే సంగతి. ప్లిట్‌విట్సే అక్కడికి రోడ్డు మీద 400 కిలోమీటర్ల పైనే. ఆ పదహారు సరస్సులు జాగ్రెబ్‌కి, జాదర్‌కి దగ్గర, రెండు గంటల బస్సు దూరం. అంటే సరైన జంట జాదర్, ప్లిట్‌విట్సే. డుబ్రోవ్‌నిక్‌కి నిజమైన జోడీ సరిహద్దు అవతల మాంటెనెగ్రోలో ఉన్న కోటోర్ అఖాతం. ఇక్కడే వీసా మెలిక ఉంది. ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపుని షెంగెన్ అంటారు. క్రొయేషియా 2023 జనవరి 1 నుంచి అందులో ఉంది, మాంటెనెగ్రో, బోస్నియా లేవు. సింగిల్ ఎంట్రీ, అంటే ఒక్కసారే లోపలికి రానిచ్చే షెంగెన్ వీసాతో పొద్దున కోటోర్‌కో, బోస్నియాలోని మోస్తార్‌కో ఒక పూట చూసొద్దామని బయల్దేరితే, సాయంత్రం వెనక్కి రానివ్వరు. వీసా అక్కడితో అయిపోయినట్టే. హోటల్లో సామాను, మనం సరిహద్దు అవతల. ఒకరోజు టూర్లు అమ్మేవాళ్లు ఈ మాట అడగందే చెప్పరు. ఇంకొకటి: స్ప్లిట్ నుంచి డుబ్రోవ్‌నిక్‌కి రోడ్డున వెళ్లాలంటే బోస్నియాలోని నేయుమ్ మీదుగా పోవడం తప్పదని పాత వ్యాసాల్లో ఉంటుంది. 2022 జూలైలో పెల్యెషాట్స్ వంతెన తెరిచాక ఆ అవసరం తీరింది. అయినా కొన్ని బస్సులు ఇప్పటికీ పాత దారిలోనే వెళ్తాయి. టికెట్ కొనే ముందు ఏ దారో అడిగి తీరాలి.

మ్యాప్ చూడటంలో ఒక చిన్న కిటుకు చెప్తాను. ఊరికే "ఇక్కడి నుంచి అక్కడికి" అని కొడితే యాప్ ఇప్పటి సమయానికి లెక్క చెప్తుంది. మనం వెళ్లే నెలలో ఒక ఆదివారం తేదీ పెట్టి, పొద్దున తొమ్మిదికి బయల్దేరినట్టు చూడాలి. టైమ్‌టేబుల్ ఇంకా రాకపోతే దగ్గర్లోని ఏదో ఒక ఆదివారం పెట్టండి. లోయల్లో, పల్లెల్లో ఆదివారం బస్సులు సగానికి పడిపోతాయి, కొన్నిచోట్ల అసలే ఉండవు. ఆదివారం కూడా మూడు గంటల్లో చేరగలిగితే ఆ జంట నిలబడినట్టు. రోడ్డు దూరం చూసి సంబరపడితే సరిపోదు.

తర్వాత రాత్రుల లెక్క. రోజుల లెక్క వేయకండి, అది మోసం చేస్తుంది. ఊరు మారే రోజు ఎలా గడుస్తుందో గంటల్లో రాసి చూస్తే తెలుస్తుంది. పదకొండుకి గది ఖాళీ చేయాలి. స్టేషన్‌కి అరగంట, రైలుకి ముందు అరగంట, రెండు గంటల ప్రయాణం, దిగాక ఇంకో అరగంట. కొత్త గది మూడింటికి గానీ ఇవ్వరు. స్నానం చేసి బయటపడేసరికి నాలుగు. చాలా మ్యూజియాలు అయిదుకో ఆరుకో మూసేస్తారు. అంటే రెండు గంటల రైలు ఒక పూటంతా తినేసింది. విమానమైతే ఇంకా ఎక్కువ. గాల్లో ఉండేది గంటే అయినా, ఎయిర్‌పోర్టుకి వెళ్లడం, రెండు గంటల ముందుండటం, లగేజీ కోసం నిలబడటం, మళ్లీ ఊళ్లోకి రావడం కలిపితే అయిదు గంటలకి తక్కువ కాదు. అందుకని పది రాత్రులకి మూడు చోట్లు మించకూడదని ముందే గీత గీసుకున్నాం. మూడు, మూడు, నాలుగు. నాలుగో ఊరు కలుపుదామన్న కోరిక ప్రతిసారీ పుడుతుంది. అది కలిపితే పోయేది సరిగ్గా ఒక పూట లోయలో కూర్చునే సమయమే.

ఇక నెల. సగటు ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే చాలదు. వాన పడే రోజులెన్ని, పొద్దు ఎప్పుడు పొడిచి ఎప్పుడు కుంకుతుంది, కొండ దారులూ కేబుల్ కార్లూ ఏ తేదీన తెరుస్తారు, ఈ మూడూ చూడాలి. డిసెంబరు చివర్లో ఎడిన్‌బరాలో మధ్యాహ్నం మూడున్నర దాటగానే పొద్దుగుంకుతుంది, పగలు మొత్తం ఏడు గంటలే. అదే జూన్‌లో పదిహేడు గంటల పైన వెలుగు. ఒకే ఊరికి ఒకే టికెట్ పెట్టి సగం పగలే కొనుక్కోవడం ఎందుకు? బెర్గెన్‌లో ఏడాదికి 2,200 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది, అందులో మే కాస్త నయమైన నెల. మంచు కరుగుతూ ఉంటుంది కాబట్టి జలపాతాలు కూడా నిండుగా ఉంటాయి. సముద్రం ఒడ్డు నుంచి 20 కిలోమీటర్లలో 860 మీటర్ల పైకి ఎక్కే ఫ్లామ్ రైలు ఏడాది పొడవునా నడుస్తుంది. కానీ ఎత్తైన కొండ రోడ్లు మే చివరికో జూన్‌కో గానీ తెరవరు, ఆ తేదీ మంచుని బట్టి మారుతుంది. తేదీ ఖాయం కాని దాని మీద పది రాత్రులు కట్టడం నాకు ఇష్టం లేదు. బెర్గెన్‌ని జూలైకి వదిలేశాం.

ఆల్ప్స్ వైపు వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఏప్రిల్లో, నవంబరులో చాలా కేబుల్ కార్లు మరమ్మతుల కోసం కొన్ని వారాలు ఆపేస్తారు. చవకగా గది దొరికిందని ఆ వారాల్లో వెళ్తే కింద నిలబడి పైకి చూసి రావడమే. గది చవకగా దొరకడానికి కారణం కూడా అదే. ఇటలీ వైపు డోలమైట్స్ కొండల్లో పైనున్న బస ఇళ్లు జూన్ రెండో సగం నుంచి సెప్టెంబరు చివరి దాకానే తెరిచి ఉంటాయి.

కుస్కోకి మే మంచి నెల, వానల్లేని కాలం మొదలవుతుంది. వానలు నవంబరు నుంచి మార్చి దాకా. అక్కడి పాత ఇన్కా నగరం మచు పిచుకి నడిచి వెళ్లే దారి ఇన్కా ట్రయల్‌ని ఫిబ్రవరిలో పూర్తిగా మూసేస్తారు. అక్కడ అసలు లెక్క ఎత్తు. కుస్కో 3,400 మీటర్ల ఎత్తున ఉంది, మచు పిచు మాత్రం 2,430 మీటర్లే. చాలామంది విమానం దిగి కుస్కోలోనే పడుకుంటారు. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం, మొదటి రెండు రోజులు వాటికే సరి. దిగిన రోజే కారులో కింద సేక్రెడ్ వ్యాలీకి, 2,800 మీటర్ల దగ్గరున్న ఒయాంతాయ్‌తాంబో వైపు దిగిపోయి, మూడు రాత్రులు అక్కడే ఉండి, మచు పిచు చూసి, చివర్లో కుస్కోకి ఎక్కడం సరైన వరస. మచు పిచు రైల్లో పెద్ద సూట్‌కేసులు ఎక్కించనివ్వరు, చిన్న బ్యాగే. సైటు టికెట్ కూడా ఏ సమయానికి, ఏ దారిలో నడుస్తారో నిర్ణయించుకుని కొనాలి. నిజంగా గొప్ప జంట ఇది. కానీ పది రాత్రుల్లో సుదూర ప్రయాణం, ఎత్తుకి అలవాటుపడటం కలిపితే మిగిలేది తక్కువ. గుండె, ఊపిరితిత్తుల ఇబ్బంది ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ఈ ఎత్తుకి వెళ్లకూడదు.

ఫ్లోరెన్స్ దగ్గర చిక్కు కారు. నగరానికి కారు అక్కర్లేదు, ఉంటేనే తలనొప్పి. వాల్ దోర్చాకి కారు లేకపోతే పని జరగదు. పియెంజా, మోంటిచియెల్లో లాంటి ఊళ్ల మధ్య బస్సులు చాలా తక్కువ. ఆ సైప్రస్ చెట్ల వరసలు, మలుపుల మట్టి దారులు ఊళ్లలో ఉండవు, ఊళ్ల మధ్యనే ఉంటాయి. డ్రైవింగ్ చేసేవాళ్లకి ఇంతకన్నా మంచి చోటు లేదు. చేయాల్సినవి మూడు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ లైసెన్స్ ఇచ్చిన దేశంలోనే, బయల్దేరక ముందే తీసుకోవాలి. ఆటోమేటిక్ కారు కావాలంటే నెలల ముందు బుక్ చేయాలి, అక్కడ గేర్ల కార్లే ఎక్కువ. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: పాత ఊళ్ల నడిబొడ్డున జెడ్‌టీఎల్ అని పరిమిత వాహనాల ప్రాంతం ఉంటుంది. ఎర్ర వలయం ఉన్న తెల్ల గుండ్రటి బోర్డు, పక్కన కెమెరా. దాటితే ఎవరూ ఆపరు, ఏమీ జరగనట్టే ఉంటుంది. నెలలు గడిచాక జరిమానా కాగితం పోస్టులో వస్తుంది, అద్దె కంపెనీ తన రుసుము విడిగా వసూలు చేస్తుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దాటితే రెండు జరిమానాలు. కారుని ఊరి చివర ట్రామ్ స్టాప్ దగ్గర వదిలేయడమో, నగరం చూడటం పూర్తయ్యాకే కారు తీసుకోవడమో చేయాలి. మాలో ఎవరం విదేశాల్లో కుడివైపు నడపడానికి సిద్ధంగా లేం కాబట్టి దీన్నీ పక్కన పెట్టాం.

క్యోటో, కిసో లోయ మాత్రం చివరిదాకా నిలిచింది. క్యోటోని, ఇప్పటి టోక్యో అయిన ఎదోని కలిపిన పాత నకసెందో బాటలో 69 మజిలీ ఊళ్లు ఉండేవి. వాటిలో మాగోమే నుంచి త్సుమాగో దాకా 8 కిలోమీటర్లు ఇప్పటికీ అడవిలో నడవొచ్చు. తీరిగ్గా మూడు గంటలు. ఎక్కువ ఎత్తులో ఉన్న మాగోమే వైపు నుంచి మొదలుపెడితే దిగుడే ఎక్కువ. సీజన్‌లో ఈ చివర లగేజీ ఇస్తే ఆ చివర అందించే ఏర్పాటు కూడా ఉంది. ఇక్కడ జనం పొరపడేది రైలు పాస్ దగ్గర. ఏడు రోజుల జపాన్ రైల్ పాస్ 2023 అక్టోబరులో 29,650 యెన్‌ల నుంచి ఒక్కసారిగా 50,000 యెన్‌లకి పెరిగింది. టోక్యో నుంచి క్యోటోకి బుల్లెట్ రైలు ఒకవైపు దాదాపు 14,000 యెన్‌లు. రానూ పోనూ 28,000. పాస్ కొంటే నష్టమే. "జపాన్ అంటే ముందు పాస్ కొనెయ్యి" అన్న సలహా పాత ధరల నాటిది. మే మొదటి వారంలో గోల్డెన్ వీక్ సెలవులు, జూన్‌లో వానలు మొదలు. మే మధ్య బాగుంటుంది గానీ, ఆకులు ఎర్రబడే నవంబరు రెండో సగం ఇంకా బాగుంటుంది. దాన్ని ఆ నెలకి దాచుకున్నాం.

మిగిలినవి సాల్జ్‌బర్గ్, పోర్చుగల్. రెండూ రైల్లో తిరగగలిగినవే. రెంటికీ ఒకే ప్రశ్న వేశాం: మూడు రోజులు వాన పట్టుకుంటే ఏం మిగులుతుంది? సాల్జ్‌కామర్‌గుట్‌లో అందమంతా సరస్సుల మీద నిలబడిన కొండల్లో ఉంది. మబ్బు పట్టిందంటే 1893 నుంచి నడుస్తున్న, పళ్ల చక్రాలతో షాఫ్‌బర్గ్ కొండెక్కే రైలు ఎక్కినా పైన ఏమీ కనపడదు. వేసవిలో అక్కడ వానలు ఎక్కువ. ఆ సరస్సుల్లో ఒకదాని ఒడ్డునున్న హాల్‌స్టాట్ సంగతి వేరే చెప్పాలి. జనాభా ఏడెనిమిది వందలకి మించని పల్లె అది. పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా బస్సుల్లో వచ్చేవాళ్లతో నడవడానికి కూడా చోటుండదు. రాత్రి అక్కడే ఉన్నవాళ్లకే ఆ ఊరు దక్కుతుంది. ఉండాలనుకుంటే పడవ టైము చూసుకోవాలి. రైల్వే స్టేషన్ సరస్సుకి అటు గట్టున, ఊరు ఇటు గట్టున. రైలు దిగినవాళ్లని పడవ దాటిస్తుంది. సాయంత్రం ఆఖరి పడవ దాటిపోయాక వచ్చే రైలు దిగితే చీకట్లో ఆ గట్టునే నిలబడాలి. సాల్జ్‌బర్గ్ ఇష్టపడేవాళ్లకి ఇంకో మాట: జూలై చివరి నుంచి ఆగస్టు చివరి దాకా సంగీతోత్సవం, గదులు దొరకవు, దొరికినా రెట్టింపు.

డౌరో లోయ అలా కాదు. కొండలు మరీ ఎత్తు కావు, నది పక్కనే రైలు, మెట్లు మెట్లుగా చెక్కిన ద్రాక్షతోటలు కళ్ల ముందే ఉంటాయి. వాన పడినా లోయ మాయమైపోదు. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి జూలై, ఆగస్టు వద్దు. మేలో చిగుళ్లు పచ్చగా ఉంటాయి, రాత్రి ఎనిమిదిన్నర దాటేదాకా వెలుగు. కోతలు సెప్టెంబరులో, అప్పుడు చూడ్డానికి ఇంకా బాగుంటుంది గానీ గదులకి పోటీ ఎక్కువ. జూన్ 23 రాత్రి పోర్టోలో సావ్ జువావ్ పండగ, ఆ వారం కూడా గదులు దొరకవు. పోర్చుగల్ ఖాయం చేశాం.

వరస ఇలా పెట్టాం: లిస్బన్ మూడు రాత్రులు, డౌరో మూడు, పోర్టో నాలుగు. విమానం టికెట్ లిస్బన్‌లో దిగి పోర్టో నుంచి ఎక్కేట్టు, ఒకే బుకింగ్‌లో మల్టీ సిటీ అని పెట్టి చూడాలి. రెండు విడి టికెట్లు కొంటే మొదటి విమానం ఆలస్యమైనప్పుడు రెండోదానికి ఎవరూ బాధ్యత తీసుకోరు. ఆఖరి రాత్రులు లోయలో పెట్టకపోవడం కావాలని చేసిందే. అక్కడ రైళ్ల సమ్మెలు తరచూ వస్తుంటాయి, రోజుకి నాలుగైదు రైళ్లే ఉండే లోయలో ఇరుక్కుంటే విమానం పోతుంది. ఎయిర్‌పోర్టు ఉన్న ఊళ్లో కనీసం ఆఖరి రెండు రాత్రులు ఉండాలి.

తర్వాత సెలవుల క్యాలెండర్. ఇది పది నిమిషాల పని, చేయనివాళ్లే ఎక్కువ. లిస్బన్‌లో జెరోనిమోస్ మఠం సోమవారం మూసి ఉంటుంది. ఫ్లోరెన్స్ ఉఫీజి మ్యూజియానికి కూడా సోమవారమే సెలవు, పారిస్ లూవ్ర్ మ్యూజియానికి, ఇస్తాంబుల్ టోప్‌కాపి ప్యాలెస్‌కి మంగళవారం, ఇస్తాంబుల్ గ్రాండ్ బజార్‌కి ఆదివారం. వాటికన్ మ్యూజియాలు నెలలో ఆఖరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు తెరవరు. టైమ్ టికెట్ల కథ ఇంకోటి. స్పెయిన్‌లోని గ్రనాడాలో అల్‌హంబ్రా కోట టికెట్ కొంటే అందులోని నస్రీద్ మహళ్లకి ప్రత్యేకంగా ఒక సమయం రాసి ఉంటుంది, అది దాటితే లోపలికి పంపరు. టికెట్ మీద పేరు, చేతిలో పాస్‌పోర్టు కలవాలి. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆన్ ఫ్రాంక్ ఇంటి టికెట్లు ప్రతి మంగళవారం, ఆరు వారాల తర్వాతి రోజులకి విడుదలవుతాయి. మిలాన్‌లో లియొనార్డో చివరి విందు చిత్రం ముందు నిలబడనిచ్చేది పావుగంట. మా ట్రిప్‌లో అలాంటిది సింత్రాలోని పెనా ప్యాలెస్. టికెట్ మీద రాసే సమయం ప్యాలెస్ గుమ్మానికి, తోట గేటుకి కాదు. గేటు నుంచి గుమ్మానికి ఎత్తు మీద అరగంట నడక. పదింటి టికెట్‌కి పదింటికి గేటు దగ్గర ఉన్నవాళ్లు లోపల చూడకుండా తిరిగొస్తారు. లిస్బన్ రోసియో స్టేషన్ నుంచి సింత్రాకి రైలు నలభై నిమిషాలు, అక్కడి నుంచి కొండ మీదికి బస్సు క్యూ. కాబట్టి పొద్దున మొదటి టికెట్ కొని, ఎనిమిది లోపే రైలెక్కాలి.

వీసా కావలసినవాళ్లకి రాత్రుల లెక్క ఇక్కడ కూడా పనికొస్తుంది. షెంగెన్‌లో ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే అప్లై చేయాలి. సమానంగా ఉంటే మొదట దిగే దేశానికి. ఆరు నెలల ముందు నుంచి అప్లికేషన్ తీసుకుంటారు, ప్రయాణానికి 15 రోజుల ముందు ఆఖరు గడువు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, కొన్నిసార్లు 45 దాకా పడుతుంది. 30,000 యూరోలకి తగ్గని మెడికల్ ఇన్సూరెన్స్ ఉండాలి. పాస్‌పోర్టు ఇచ్చి పదేళ్లు దాటకూడదు, తిరుగు ప్రయాణం తర్వాత మూడు నెలలు చెల్లాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. వీసా చేతికి వచ్చేదాకా రద్దు చేసుకోగల గదులే బుక్ చేయాలి. ఒక రాత్రి అటూ ఇటూ మార్చినా బుకింగులు, టికెట్లు, కవరింగ్ లెటర్ మూడింట్లోనూ తేదీలు కలుస్తున్నాయో లేదో మళ్లీ చూసుకోవాలి. కాగితాల్లో ఎక్కువగా బెడిసికొట్టేది ఇదే.

గది ఎక్కడ తీసుకోవాలన్నదానికి పాత నగరాల్లో ఒకే సూత్రం: మెట్లు లెక్కపెట్టండి. డుబ్రోవ్‌నిక్ గోడల లోపల వాహనాలు రావు, సూట్‌కేసు మోసుకుని వందల మెట్లు ఎక్కాలి. పోర్టోలో నది ఒడ్డున రిబెయిరా ఫోటోల్లో బాగుంటుంది, ప్రతి సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు దిగడం, పొద్దున్నే ఎక్కడం తప్పదు. సావ్ బెంతు స్టేషన్ చుట్టుపక్కల పై భాగంలో ఉంటే నది దగ్గరికి వెళ్లే రోజునే దిగి ఎక్కితే చాలు. లిస్బన్‌లో అల్ఫామా పేట మెట్ల మయం, బైషా పేట చదును. ఇంకో కిటుకు: యూరప్‌లో "రెండో అంతస్తు" అంటే రోడ్డు మట్టం మీది అంతస్తుని సున్నాగా లెక్కేసి పైకి రెండు. పాత ఇళ్లలో లిఫ్ట్ ఉండకపోవచ్చు. రివ్యూల్లో "మెట్లు", "లిఫ్ట్" అన్న మాటలు వెతికితే నిజం బయటపడుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఉంటే గది ముందు ఇది చూడాలి, కిటికీలోంచి కనపడే దృశ్యం తర్వాత.

డౌరోలో బసకి మేం పిన్యావ్ అనే చిన్న ఊరిని ఎంచుకున్నాం. రెగ్వా పెద్ద ఊరు, బస్సులూ పడవలూ ఎక్కువ, కానీ లోయ అసలు అందం రెగ్వా దాటాకే మొదలవుతుంది. పిన్యావ్‌లో టాక్సీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, పైన కజాల్ ద లోయ్‌వోస్ దగ్గర నది వంపు చూడాలంటే బస చేసిన చోట ముందు రోజే చెప్పి పెట్టుకోవాలి. పడవ టికెట్ మాత్రం ముందు కొనలేదు, వాతావరణం చూసి ఆ పొద్దున తీసుకునేది అదే. పోర్టో నుంచి రెగ్వా దాకా రోజంతా సాగే పడవ ప్రయాణంలో కర్రపతేలో ఆనకట్ట దగ్గర పడవ ఒక ఇరుకు గదిలోకి వెళ్తుంది. వెనక తలుపు మూసుకుంటుంది, నీళ్లు నిండుతూ పడవని 35 మీటర్లు పైకి లేపుతాయి. తడిసిన కాంక్రీటు గోడలు చేతికి అందేంత దగ్గరగా కిందికి జారిపోతుంటాయి, పైన తెల్లటి చీలికలా ఉన్న ఆకాశం నెమ్మదిగా విప్పారుతుంది. పిల్లలున్నవాళ్లు దీనికోసమే ఆ పడవ ఎక్కొచ్చు.

లిస్బన్ నుంచి పోర్టో వెళ్లే రైలు కంపాన్యా స్టేషన్‌లో ఆగుతుంది, దాదాపు మూడు గంటలు. పోర్టోలో బయటికి రాకుండా అక్కడే డౌరో రైలు మారాలి, పిన్యావ్‌కి ఇంకో రెండున్నర గంటలు. మధ్యలో కనీసం నలభై నిమిషాలు ఉంచుకోండి. లోయ రైల్లో సీటు నంబర్లు ఉండవు, ముందెక్కినవాళ్లదే కిటికీ. వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చోవాలి. మొదటి గంట మామూలు ఊళ్లూ పొలాలే, తొందరపడక్కర్లేదు. తర్వాత ఒక సొరంగం, ఒక మలుపు, కుడి కిటికీ నిండా నది. అక్కడి నుంచి పిన్యావ్ దాకా అది పక్కనే ఉంటుంది. తిరుగు రైల్లో ఎడమవైపు.